గ్లౌజులు కనబడని కళ్ళజోడు

ఆ పెట్టె విప్పిన రోజు నాకు కోపం రాలేదు. ఇప్పుడు నాకు వచ్చే కోపమంతా అందుకే. రావలసిన రోజు రాకుండా అంతా అయిపోయాక వచ్చే కోపం ఎవరికీ పనికిరాదు, మనిషిని లోపల్నుంచి తినడం తప్ప. లైను పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇది చదువుతారని నాకు చెప్పారు. చదవండి. నీతులు చెప్పను, జరిగింది చెబుతాను. మధ్యలో నోరు జారి ఎవరినైనా తిడితే సర్దుకోండి, ఆ తిట్లలో సగం నాకే.

నేను ముప్పై నాలుగేళ్ళు కరెంటు పని చేశాను. అందులో చివరి పదకొండేళ్ళు నారాయణఖేడ్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీకి ఫోర్‌మన్‌గా ఉన్నాను. ప్రభుత్వ లైన్లతో మాకు సంబంధం లేదు. జిన్నింగు మిల్లులకూ, పాలు చల్లబరిచే కేంద్రాలకూ, కంకర మిషన్లకూ సొంత ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి కదా, వాటి మంచిచెడ్డలు చూడటం మా పని. కల్హేర్ నుంచి కంగ్టి దాకా ఎక్కడ ఫ్యూజు పోయినా, ఎక్కడ నూనె కారినా మావాళ్ళు మోటారుసైకిలు మీద వెళ్ళి బాగుచేసి రావాలి. నా కింద పద్నాలుగు మంది ఉండేవారు. ఆఫీసు బస్సు డిపో వెనక వీధిలో, కింద స్టోరు, పైన మేనేజరు గది.

పనిలో నేను మొండిగా పట్టుకున్నవి రెండే రెండు. ఒకటి రబ్బరు గ్లౌజులు. తొడుక్కునే ముందు గ్లౌజులోకి గాలి ఊది, అంచు మడిచి బిగబట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినాలి. సన్నగా బుస్సుమంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టు, దాన్ని అవతల పారేయాలి. రెండోది ఏబీ స్విచ్. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన స్తంభానికి ఇనుప హ్యాండిల్ ఉంటుంది. దాన్ని కిందికి లాగితే స్తంభం మీద మూడు బ్లేడులు లేచి కరెంటు తెగుతుంది. లేవాలి మరి. తుప్పు పట్టిన పాత స్విచ్చుల్లో హ్యాండిల్ కిందికి వస్తుంది, పైన బ్లేడు మాత్రం అతుక్కునే ఉంటుంది. అందుకని హ్యాండిల్ లాగాక తలెత్తి "ఒకటి, రెండు, మూడు" అని పైకి అనాలి. మనసులో అనుకుంటే కుదరదు, పక్కవాడికి వినబడాలి. ఈ రెండింటికీ నన్ను వెక్కిరించని వాడు లేడు. "సాబ్ సాక్సులు గూడ ఊది చూసినంకనే తొడుక్కుంటడు" అని నా వెనక నవ్వుకునేవారు. నవ్వుకోనిచ్చాను. ఆ పెట్టె వచ్చేదాకా పదకొండేళ్ళూ నా మనుషుల్లో ఎవరికీ చెయ్యి కాలలేదు.

అలా వెక్కిరించే వాళ్ళలో అందరికన్నా నోరున్నవాడు ఒకడు ఉండేవాడు. కల్హేర్ దగ్గరి మనిషి, ముప్పై దాటాయి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. నోరు ఎంత దురుసో పని అంత శుభ్రం. నాలుగేళ్ళుగా హెల్పరుగానే ఉన్నాడు. లైన్‌మన్‌గా పర్మినెంటు చేస్తామని ప్రతి ఏడూ అనడం, ప్రతి ఏడూ ఏదో ఒక వంక పెట్టడం కంపెనీకి అలవాటైపోయింది. ఆ ఉత్తర్వు చేతికి వస్తే తప్ప కూతుళ్ళను నారాయణఖేడ్‌లో బడికి వేయలేనని అతను నాతో చాలాసార్లు అన్నాడు. నేను మేనేజరుతో అన్నాను. మేనేజరు పైవాళ్ళతో అన్నానన్నాడు.

ఒక సోమవారం పొద్దున హైదరాబాదు నుంచి కారులో రెండు నల్ల పెట్టెలు వచ్చాయి. వాటితో పాటు పాతికేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చింది, శిక్షణ ఇవ్వడానికి. పెట్టెలో ఉన్నది కళ్ళకు తగిలించుకునే యంత్రం. హెడ్‌సెట్ అన్నది ఆ అమ్మాయి, మావాళ్ళు మాత్రం మొదటి రోజే దాన్ని కళ్ళజోడు చేసేశారు. పెట్టుకుంటే ఎదురుగా ట్రాన్స్‌ఫార్మర్, స్తంభం, తీగలు అన్నీ నిజంగా ఉన్నట్టే కనిపిస్తాయట. చేత్తో పట్టుకునే మీటలేవీ ఉండవు, మన చేతులే అందులో కదులుతాయి. ఇలాంటి వాటిలో చాలా పైస్థాయిది, ఇంత ఖరీదైనది జిల్లాలో ఇంకెక్కడా లేదని మేనేజరు రెండుసార్లు చెప్పాడు. ఇకమీదట ప్రాక్టీసంతా ఇందులోనే అనీ, స్తంభం కిందికి మనుషులను తీసుకుపోయి పని ఆపుకోవలసిన అవసరం లేదనీ అన్నాడు.

కొత్త మిషను వస్తే మా దగ్గర కొబ్బరికాయ కొట్టందే ముట్టుకోరు. మేనేజరు దానికి పసుపు రాసి, ముందువైపు మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టాడు. ఆ అమ్మాయి "అయ్యో సార్, అవి కెమెరాలు" అని పరుగెత్తుకొచ్చింది. మన చేతులు ఎక్కడున్నాయో ఆ కెమెరాలతోనే అది చూస్తుందట. మెత్తటి గుడ్డతో తుడిచింది, ఒక బొట్టు మాత్రం అంచుల్లోకి పోయి సాయంత్రం దాకా రాలేదు. మావాడు, ఆ కల్హేర్ మనిషి, ఊరుకుంటాడా?

"మేడం, బొట్టు వెడ్తే కండ్లు కనవడని దేవుడు గిప్పుడే సూస్తున్న" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మొదట నాకే పెట్టారు, వయసును బట్టి. నిజం చెబుతాను, అది మామూలు వస్తువు కాదు. నుదుటి మీద బరువు ఉంది, ముక్కు దగ్గర నొక్కుకుంది, ఐదు నిమిషాలకే చెమట పట్టింది. అయినా అవేవీ గుర్తు లేకుండా చేసే వస్తువు. ట్రాన్స్‌ఫార్మర్ మీది రేకుపలక మీద అక్షరాలు చదవగలిగాను. తల తిప్పితే వెనక కంది చేను ఉంది. పైకి చూస్తే తీగలను మోసే పింగాణీ చెంబుల మీద ఎండ పడుతోంది. ఆరేళ్ళ కింద నేను స్తంభం మీది నుంచి జారి మోకాలు పోగొట్టుకున్నాను, అప్పట్నుంచి నిచ్చెన ఎక్కలేదు. ఆ రోజు కుర్చీ పక్కన నిలబడి, చేతులు గాలిలో ఆడిస్తూ స్తంభం ఎక్కాను. పైనుంచి చుట్టూ చూశాను. పని మాట ఎప్పుడో మరిచిపోయాను. ఎత్తు నుంచి పొలాలు కనబడితే నాకు ఉద్యోగంలో చేరిన కొత్త రోజులు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అమ్మాయి "సార్, అద్దాలు తడుస్తాయి" అంది.

దిగాక ఫ్యూజు మార్చే పాఠం. నేను అలవాటు కొద్దీ బల్ల మీది గ్లౌజులు తీసి, గాలి ఊది, చెవి దగ్గర పెట్టుకుని, తొడుక్కున్నాను. ఎదురుగా చూస్తే నా చేతులు లేవు. ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, ఫ్యూజు పెట్టె ఉంది, నేను ముందుకు చాపిన చేతులు మాత్రం మాయం.

"నా చేతులు ఏమైనయమ్మా?" అన్నాను.

"గ్లౌజులు తీసేయండి సార్. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే అది చేతులని గుర్తుపట్టదు. మీరు తీసేస్తే బొమ్మలో మీ చేతులకు గ్లౌజులు అవే వస్తాయి."

తీసేశాను. నిజమే, వచ్చాయి. నారింజ రంగువి, కొత్తవి, నా జన్మలో ఏ కంపెనీ నాకు ఇవ్వనంత మంచి గ్లౌజులు. వేళ్ళు ఆడిస్తే అవీ ఆడాయి.

"మరి చిల్లు చూసుకునేదెట్ల? దీంట్ల ఊదెట్లా?"

"ఆ స్టెప్పు ఇందులో లేదు సార్. నోట్ చేసుకుంటాను" అంది. పాపం, నిజంగానే నోట్ చేసుకుంది. నేను చూశాను.

నేను కళ్ళజోడు తీసి మేనేజరు వైపు తిరిగాను. "ఉత్త చేతుల్తోని ఫ్యూజు పెట్టె ముట్టుడు నేర్పుతుంది గదా ఇది. ఇదేం నేర్పుడు?" అన్నాను. గట్టిగానే అన్నాను, కోపంతో మాత్రం కాదు. ఆయన నన్ను మెట్ల దగ్గరికి తీసుకుపోయాడు.

"పెద్దాయనా, పైవాళ్ళు ఫొటోలు అడుగుతుండ్రు. గిప్పుడు గీ పంచాది ఎందుకు? ఇంక ఐదు నెలలున్నవ్. మంచిగ కాలం ఎళ్ళదీసి ఇంటికి పోరాదు" అన్నాడు. ఆయన చేతిలో ఒక కాగితం ఉంది. పైన "తొలి అభిప్రాయం" అని అచ్చు వేసి ఉంది. పరికరం ఎలా ఉంది? లోపాలేమైనా గమనించారా? కింద అనుభవజ్ఞుడైన సిబ్బంది సంతకం.

మొదటిదానికి "చాలా బాగుంది" అని రాశాను. రెండోదానికి "ఏమీ లేవు" అని రాశాను. సంతకం పెట్టాను.

మేనేజరు భయపెట్టాడని నేను చెప్పుకోవచ్చు. అది అబద్ధం. ఆయన భయపెట్టేంత మనిషి కాదు. ఆరేళ్ళ తరవాత నన్ను స్తంభం ఎక్కించిన వస్తువు మీద చెడ్డగా రాయబుద్ధి కాలేదు, అంతే. సాయంత్రం ఇంకోసారి ఎక్కనిస్తారేమో అనుకున్నాను. ఎక్కనిచ్చారు కూడా. అరవై ఏళ్ళు దగ్గరపడ్డ ఫోర్‌మన్‌ని జాతరలో రంగులరాట్నం ఎక్కించి మురిపించినట్టు మురిపించారు, నేను మురిసిపోయాను. దీన్ని ఎట్లా తిట్టుకోవాలో నాకు ఇప్పటికీ మాటలు చాలవు.

ఆ తరవాత మూడు వారాలు రోజూ అదే పని. స్టోరు గోడ మీద పేర్ల పట్టీ అతికించారు, ఎవరు ఎంత తొందరగా ఫ్యూజు మారిస్తే వాళ్ళ పేరు అంత పైన. పట్టీలో మొదటి పేరు ఎవరిదైతే వారికి పర్మినెంటు ఉత్తర్వు అని మేనేజరు ప్రకటించాడు. ఇక చూడండి. తలెత్తి ఒకటి, రెండు, మూడు అన్నవాడు వెనకబడ్డాడు. అనవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే ఆ బొమ్మలో హ్యాండిల్ లాగితే మూడు బ్లేడులూ ఎప్పుడూ కలిసే లేచేవి, బడిపిల్లలు చేతులెత్తినట్టు. తుప్పు అనేది ఆ లోకంలోనే లేదు. కందిరీగల గూడు లేదు, నూనె వాసన లేదు, మిల్లు యజమాని లేడు.

మావాడు రెండో వారానికి పట్టీలో మొదటికి వచ్చాడు. చేతులు గాలిలో అంత చురుగ్గా తిరుగుతుంటే చూడముచ్చటగా ఉండేది. ఒక మధ్యాహ్నం చాయ్ దగ్గర అడిగాను.

"ఏందిరా, ఉత్త చేతులకు అలవాటు పడ్తున్నవ్. బయట మర్సిపోతవ్."

"ఉత్త చేతులెక్కడియి సాబ్? కళ్ళజోడుల సూస్తే గ్లౌజులుంటయి గద. తొడుక్కున్నట్టే ఉంటది. ఇంటికి పోయి అన్నం తినేటప్పుడు గూడ ఉన్నట్టే అనిపిస్తది" అని నవ్వాడు.

అక్కడ ఆగి ఆలోచించవలసింది నేను. నవ్వి ఊరుకున్నాను. నలుగురిలో అడిగినందుకే నా పని అయిపోయిందనుకున్నాను.

మూడో వారం చివర, ఉత్తర్వు ఇంకా ఎవరి చేతికీ రాకముందే, ప్రమాదం జరిగింది కంగ్టి దగ్గరి జిన్నింగు మిల్లులో. పత్తి వచ్చే రోజులు, మిల్లు ముందు ట్రాలీలు రోడ్డు దాకా నిలబడ్డాయి. మధ్యాహ్నం ఫ్యూజు కొట్టేసింది. నేను ఆ పూట కల్హేర్‌లో పాల కేంద్రం దగ్గర ఉన్నాను. మావాడు ఒక్కడే వెళ్ళాడు. మిల్లు యజమాని కన్నడం మాట్లాడే సావుకారు, చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "బేగ మాడప్పా, బేగ, జల్దీ కానీ" అంటూ పక్కనే నిలబడ్డాడట. మావాడు హ్యాండిల్ లాగాడు, ఫ్యూజు పెట్టె తెరిచాడు, స్క్రూడ్రైవర్ తీశాడు. స్క్రూడ్రైవర్ కొన ఒకవైపు తీగకూ ఒకవైపు పెట్టె ఇనుముకూ తగిలింది. మెరుపు లేచింది. సావుకారే తన జీపులో దవాఖానకు తెచ్చాడు, అక్కడివాళ్ళు హైదరాబాదుకు పంపారు.

నేను నేరుగా మిల్లుకు పోయాను. తలెత్తి చూశాను. ఒకటి. ఒక్కటే లేచింది. మిగతా రెండు బ్లేడులూ అతుక్కునే ఉన్నాయి, కరెంటు నడుస్తూనే ఉంది. మోటారుసైకిలుకు తగిలించిన సంచీ విప్పాను. గ్లౌజులు లోపల ఉన్నాయి, నేనిచ్చినవే. ఊది చూశాను. ఎక్కడా చిల్లు లేదు. అవి చేతికి ఉంటే మెరుపుకు పైతోలు కాలేది, లోపలి చెయ్యి మిగిలేది. నేను ఆ గ్లౌజు పట్టుకుని మిల్లు ఆవరణలో ఏం తిట్టానో నాకు గుర్తు లేదు. సావుకారు భయపడి లోపలికి వెళ్ళిపోయాడని తరవాత చెప్పారు.

కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు. నాలుగో రోజు దవాఖానలో నేను కనబడగానే అతను ముందు చెప్పిన మాట ఇది.

"సాబ్, నేను గ్లౌజులు ఏసుకున్న అనే అనుకున్న. ఒట్టు. నాకు కనవడ్డయి."

నేను నమ్మాను. ఇంకెవరూ నమ్మలేదు.

వారానికి మేనేజరు బల్ల మీద రిపోర్టు చిత్తుప్రతి చూశాను. గ్లౌజులు ఇచ్చినా వేసుకోలేదు. స్విచ్ సరిగా తెగిందో లేదో చూసుకోలేదు. కార్మికుడి సొంత నిర్లక్ష్యం. మా కంపెనీ నియమం ప్రకారం ఆ మూడో మాట పడితే ఉద్యోగం పోతుంది, పేరు పనిలో పెట్టుకోకూడని వాళ్ళ జాబితాలోకి ఎక్కుతుంది, చుట్టుపక్కల ఏ కాంట్రాక్టరూ అతన్ని గేటు లోపలికి రానివ్వడు. ఎనిమిది వేళ్ళ మనిషి, పైగా నిర్లక్ష్యం ముద్ర. ఆ ఆడపిల్లల గతి ఏమిటి? శిక్షణలో లోపం లేదనడానికి ఆధారంగా రిపోర్టు వెనక ఒక కాగితం గుచ్చారు. అది నాదే. చాలా బాగుంది. ఏమీ లేవు. నా సంతకం, గొలుసుకట్టు.

ఒళ్ళు మండిపోయింది. మేనేజరు మీద అరిచాను. ఆయన కూడా అరిచాడు.

"నువ్వు రాసిందే గదా పెద్దాయనా! నేనేమన్న నీ చెయ్యి వట్టి రాయించిన్నా?"

ఆ మాటకు ఎవరో సూదితో పొడిచినట్టు కోపమంతా దిగిపోయి, కిందికి వచ్చి స్టోరులో కూర్చున్నాను. కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఈసారి వచ్చిన కోపం వేరు, దానితో పని చేయవచ్చు.

రెండు నెలల తరవాత విచారణకు హైదరాబాదు నుంచి కంపెనీ సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, మర్యాదస్థుడు, మధ్యాహ్నం బస్సు రద్దీ మొదలయ్యే లోపల ఊరు దాటాలని గడియారం చూసుకుంటున్నాడు. పైగదిలో ఆయన, మేనేజరు, శిక్షణ ఇచ్చిన అమ్మాయి, నేను. మావాడు కూడా వచ్చాడు, చేతికి కట్టుతో మూలన కుర్చీలో కూర్చున్నాడు. అంత నోరున్నవాడు అలా ఒదిగి కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆఫీసరు రిపోర్టు చదివి, "అంతా స్పష్టంగానే ఉంది కదా. మీరేమైనా చెప్పాలా?" అని నన్ను అడిగాడు.

"చెప్పను సార్, చూపిస్త" అన్నాను. సంచీ నుంచి కొత్త గ్లౌజుల జత తీసి ఆయన ముందు పెట్టాను. "ఇవి తొడుక్కోండ్రి. తొడుక్కొని కళ్ళజోడు పెట్టుకోండ్రి."

మేనేజరు లేచాడు. "సార్‌కు టైం లేదు, గవన్నీ ఎందుకిప్పుడు..."

"నువ్వు కూర్చో" అన్నాను. ముప్పై నాలుగేళ్ళలో ఒక మేనేజరుతో నేను అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన కూర్చున్నాడు. నాకే ఆశ్చర్యం వేసింది.

ఆఫీసరు కొంచెం వినోదంగానే గ్లౌజులు తొడుక్కున్నాడు. అమ్మాయి కళ్ళజోడు పెట్టింది. ఆయన తల అటూ ఇటూ తిప్పి, "అబ్బ, భలే ఉందే" అన్నాడు. అందరూ మొదట అదే అంటారు. తరవాత చేతులు ముందుకు చాపాడు. చాపి, మళ్ళీ వెనక్కి తీసి, మళ్ళీ చాపాడు.

"నా చేతులేవీ?"

ఆ అమ్మాయి వైపు చూశాను. ఆమె నేల చూస్తూ, "గ్లౌజులు తీసేయాలి సార్" అంది. మూడు వారాలు రోజుకు పద్నాలుగు మందితో అన్న మాట అది.

ఆయన గ్లౌజులు తీశాడు. "ఆ, వచ్చాయి. గ్లౌజులతోనే వచ్చాయి" అన్నాడు. నేను చెప్పినట్టే హ్యాండిల్ లాగాడు, ఫ్యూజు పెట్టె తెరిచాడు, గాలిలో ఉత్త చేతులు తిప్పుతూ తీగ బిగించాడు. తలెత్తి చూడనేలేదు. పని అయ్యాక ఆగి, ఎదురుగా ఏదో చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"ఏం రాసి ఉంది సార్? పైకి సదువుండ్రి" అన్నాను.

ఆయన చదవలేదు. నాకు తెలుసు కదా, నేనే చదివాను. "శభాష్. పని సురక్షితంగా పూర్తయింది." ఆకుపచ్చ అక్షరాల్లో వస్తుంది. పక్కన చప్పట్లు కూడా కొడుతుంది.

"మీ చేతులు సూడుండ్రి సార్, గిప్పుడు కళ్ళజోడు తీసి" అన్నాను. నా గొంతు అప్పటికే పెద్దదైపోయింది. "ఉత్తయి. ఒక్కసారికే మీకు శభాష్ అన్నది. వానికి మూడు వారాలు, రోజుకు నలభై సార్లు శభాష్ అన్నది. పట్టీల పేరు మొదట్ల వెట్టింది. ఉత్త చేతుల్తోని ఎంత జల్దీ ముట్టుకుంటే అంత శభాష్. వాడు నేర్సిండు. మనం నేర్పిందే నేర్సిండు. గిది వాని నిర్లక్ష్యమా?"

మేనేజరు, "కొత్త వెర్షన్ల సరి చేస్తరంట సార్" అన్నాడు. "వాని వేళ్ళకు గూడ కొత్త వెర్షన్ వస్తదా?" అని అరిచాను. కింద స్టోరులో ఉన్నవాళ్ళు మెట్ల మీదికి వచ్చేశారు. నేను ఆగలేదు. నా కాగితం చూపించి, ఇది అబద్ధమనీ, గ్లౌజుల సంగతి మొదటి రోజే చూశాననీ, చూసి కూడా ఏమీ లేవని రాశాననీ చెప్పాను. రిపోర్టులో అది కూడా రాయమన్నాను.

ఆఫీసరు చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. కళ్ళజోడు నొక్కిన గుర్తు అక్కడ ఎర్రగా ఉంది. "రాస్తే మీ మీద కూడా చర్య ఉంటుంది. మీరు రిటైరయ్యేది మరో రెండు నెలల్లో" అన్నాడు.

"రాయుండ్రి" అన్నాను.

రాశాడు. ఆ రోజు బస్సుల రద్దీలోనే వెళ్ళాడు. నిర్లక్ష్యం అన్న మాట కొట్టేశారు. మావాడికి ఉద్యోగం నిలిచింది, స్తంభాల దగ్గరికి పోనవసరం లేకుండా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర పని, నాలుగేళ్ళుగా అడుగుతున్న పర్మినెంటు ఉత్తర్వూ వచ్చాయి. నన్ను మర్నాటి నుంచి రావద్దన్నారు. వీడ్కోలు సభ, శాలువా ఏమీ లేవు, నేను అడగనూ లేదు. కళ్ళజోళ్ళను ఏం చేశారనుకున్నారు? గోడకు ఒక కాగితం అతికించారు. "శిక్షణలో గ్లౌజులు తీసివేయవలెను. పనిలో గ్లౌజులు తప్పనిసరి." రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి. ఆ కాగితం అతికించినవాడు దాన్ని ఒక్కసారి చదివి ఉంటే బాగుండేది.

పిల్లలూ, మీ దగ్గరికి ఇంతకన్నా మంచి యంత్రాలు వస్తాయి. వాటి మీద నాకు పగ లేదు. అది చూడలేని దాన్ని అది చూడలేదు, దాని తప్పేముంది? నాకు రెండు కళ్ళున్నాయి, నేను చూశాను. ఎట్లుందని కాగితం ఇచ్చి అడిగితే అక్కడే, ఆ పూటే, ఉన్నది ఉన్నట్టు రాయండి. రాసినందుకు మీ మీద కోప్పడితే కోప్పడనివ్వండి.

ఉత్తర్వు వచ్చిన వారానికి కల్హేర్ వైపు ఆటో ఎక్కి అతని ఇంటికి వెళ్ళాను. దాచడమెందుకు, కృతజ్ఞత చెబుతాడనుకునే వెళ్ళాను. దారిలో నాలుగు మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను, అదేం లేదురా, నేను చేసిందేముందని. అతని భార్య చాయ్ ఇచ్చింది. పెద్దపిల్ల పలక మీద ఏదో రాసుకుంటోంది, వచ్చే ఏడు నారాయణఖేడ్‌లో చేరుస్తారట. అతను కట్టు విప్పిన చేత్తో గ్లాసు పట్టుకోవడం అలవాటు చేసుకుంటున్నాడు. బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఇరికించి, ఒలకకుండా నోటి దాకా తెచ్చాడు. రెండు గుక్కలు తాగాడు. నా వైపు చూశాడు.

"సాబ్, ఆఫీసర్ ముంగట మీరు గట్టిగ మాట్లాడిండ్రు. నా నౌకరి నిలవెట్టిండ్రు. మా ఆడామె దినాం మీ పేరే తల్సుకుంటది."

"అదేం లేదురా..." అని మొదలుపెట్టాను.

"గ్లౌజులు కనవడ్తలేవని మీకు మొదటి దినమే దెల్సని మీరే జెప్పిండ్రు గద" అన్నాడు. కోపంగా అనలేదు. బస్సు ఎందుకు ఆలస్యమైందని అడిగినట్టే అడిగాడు. "గా లొల్లి గా దినమే జేస్తే అయిపోతుండె గద, సాబ్."

నేను గ్లాసు కింద పెట్టాను. చాయ్ చల్లారిపోతోందని అతనే గుర్తుచేశాడు.